గ్యాస్‌తో కరెంటు, కరెంటుతో ఫ్యాక్టరీ: విజ్జేశ్వరం నుంచి యలహంక దాకా ఒక లెక్క

ఈ సంచిక పాఠంగా గ్యాస్‌తో నడిచే విద్యుత్ కేంద్రాన్ని ఎంచుకున్నాను. పదో తరగతి భౌతికశాస్త్రం, గుణకారం, భాగహారం వస్తే చాలు, పాఠమంతా అర్థమవుతుంది. కామర్స్, న్యాయశాస్త్రం చదివే పిల్లలు కూడా మధ్యలో ఆపకుండా చదవండి, మీకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది.

ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. ఇంటర్వ్యూలకు వచ్చిన ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామంది కంబైన్డ్ సైకిల్ అంటే ఏమిటో తడుముకోకుండా అప్పజెప్పారు. "బాగుంది బాబూ, మరి వంద మెగావాట్ల ప్లాంటు రోజుకు ఎంత గ్యాస్ తాగుతుంది?" అంటే మాత్రం పైకప్పు వైపు చూశారు. అదే రోజు ఒక విద్యార్థిని తండ్రిగారు, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పనిచేసిన మనిషి, వరండాలో నన్ను ఆపి అడిగారు: "సార్, గ్యాస్ మన గోదావరి జిల్లాల్లోనే పడింది. ప్లాంట్లూ అక్కడే కట్టారు. మరి 2012లో మాకు వారానికి మూడేసి రోజులు పవర్ హాలిడే ఎందుకు వచ్చింది? ఆ రోజుల కూలి మాకెవరిచ్చారు?" పిల్లల తెల్లమొహాలకూ ఈ తండ్రి ప్రశ్నకూ జవాబు ఒకటే లెక్కలో ఉంది. ఆ లెక్క చేద్దాం.

ముందు ఫ్యాక్టరీ వైపు నుంచి చూడండి. మన ఇళ్లలో కరెంటు పోతే విసనకర్ర తీసుకుంటాం. కొన్ని పరిశ్రమలకు కరెంటే ముడిసరుకు. ఒక టన్ను కాస్టిక్ సోడా తీయడానికి రెండున్నర వేల యూనిట్లకు కాస్త అటూ ఇటూ అవుతుంది. ఉప్పునీటిలో కరెంటు పంపి ఆ సోడా తీస్తారు. ఒక టన్ను ఫెర్రో సిలికాన్‌కు ఎనిమిది తొమ్మిది వేల యూనిట్లు కావాలి. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి అది నాలుగున్నర, ఐదేళ్ల కరెంటు! అల్యూమినియం టన్నుకు పదమూడు వేల నుంచి పదిహేను వేల దాకా పోతుంది. అంతేకాదు, ఫర్నేసులో కరిగిన లోహం కరెంటు రాకపోతే చల్లారి గడ్డకడుతుంది. మళ్లీ వేడెక్కించడానికి రోజులు పడుతుంది. అల్యూమినియం కుండలకైతే నాలుగైదు గంటలు కరెంటు పోతే చాలు, పెద్ద నష్టమే. కాబట్టి ఇలాంటి పరిశ్రమకు కరెంటు ధర ఎంత ముఖ్యమో, అది ఆగకుండా రావడం అంతకన్నా ముఖ్యం.

1980ల్లో ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు కోతలు పరిశ్రమలను బాగా ఇబ్బంది పెట్టాయి. మరోవైపు కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావుల్లో గ్యాస్ పడింది. ఈ రెంటినీ కలిపి ఒక కొత్త తరహా కంపెనీ పుట్టింది. 1988లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గ్యాస్ పవర్ కార్పొరేషన్ అది. అప్పటి విద్యుత్ బోర్డు కొంత వాటా పెట్టింది, మిగిలిన వాటాలు కరెంటు అవసరమైన పరిశ్రమలు పెట్టాయి. ఎవరి వాటా ఎంతో వారికి అంత కరెంటు, అదీ ఒప్పందం. చాలామంది రైతులు కలిసి ఒక బోరు వేసుకుని, పెట్టిన డబ్బును బట్టి నీటి వంతులు పంచుకున్నట్టు. ప్లాంటు కట్టిన చోటు విజ్జేశ్వరం, నిడదవోలు మండలం. అప్పట్లో పశ్చిమ గోదావరి జిల్లా, 2022 జిల్లాల మార్పు తర్వాత తూర్పు గోదావరి. ధవళేశ్వరం దగ్గరి కాటన్ బ్యారేజీకి నాలుగు భాగాలుంటాయి: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఆ నాలుగోది ఇదే. అక్కడ ఎందుకు కట్టారో ఇప్పుడు మీరే చెప్పగలరు. చల్లబరచడానికి గోదావరి నీరు, దగ్గరలోనే గ్యాస్.

మొదటి దశ 100 మెగావాట్లు, 1990ల ఆరంభంలో మొదలైంది. రెండో దశ 172 మెగావాట్లు, 1997లో. మొత్తం 272.

ఇక్కడ ఇంజనీరింగ్ పిల్లలు కాగితం తీసుకోండి. మొదటి దశలో 33 మెగావాట్ల గ్యాస్ టర్బైన్లు రెండు, 34 మెగావాట్ల స్టీమ్ టర్బైను ఒకటి. రెండో దశలో గ్యాస్ టర్బైను సుమారు 112, స్టీమ్ టర్బైను సుమారు 60. మా బెంగళూరులో యలహంక దగ్గర కర్ణాటక పవర్ కార్పొరేషన్ కట్టిన 370 మెగావాట్ల కేంద్రంలో గ్యాస్ టర్బైను సుమారు 236, స్టీమ్ టర్బైను సుమారు 134. మూడు జతలనూ భాగించి చూడండి. 66కు 34, 112కు 60, 236కు 134. ఊళ్లు వేరు, కాలాలు వేరు, యంత్రాల పరిమాణాలు వేరు. అయినా రెండుకు ఒకటి అన్న నిష్పత్తి ఇంచుమించు అన్నింటా కనబడుతోంది. ఎందుకు?

గ్యాస్‌ను మండిస్తే వంద పాళ్ల వేడి వచ్చిందనుకోండి. గ్యాస్ టర్బైను అందులో సుమారు 34 పాళ్లను కరెంటుగా మారుస్తుంది. మిగిలిన 66 పాళ్లు వేడి పొగగా బయటికి పోతాయి. ఆ పొగ ఐదారు వందల డిగ్రీల సెల్సియస్ వేడిమీద ఉంటుంది. పొయ్యి మీద అన్నం ఉడికాక ఆ నిప్పుల మీదే పాలు కాచుకునే ఇల్లాలి తెలివే ఇక్కడ ఇంజనీర్లు వాడారు. ఆ పొగను ఒక బాయిలరు గుండా పంపి నీటిని ఆవిరి చేస్తారు. 66 పాళ్లలో ముప్పాతిక, అంటే 50 పాళ్లు, ఆవిరిలోకి చేరతాయి. స్టీమ్ టర్బైను ఆ 50లో మూడో వంతుకు కొంచెం ఎక్కువ, 17 పాళ్లు, కరెంటు చేస్తుంది. 34, 17. రెండుకు ఒకటి. మొత్తం 51 పాళ్లు. ఇంజనీర్లు దీన్నే కంబైన్డ్ సైకిల్ అంటారు. పాత తరహా బొగ్గు కేంద్రాలు వందలో 33 నుంచి 36 పాళ్లు రాబడతాయని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది.

అసలు ఒక్క టర్బైనే ఎందుకు అంతా లాగలేదు అని తెలివైన పిల్లలు అడుగుతారు. కార్నో సూత్రం చెప్పేదేమిటంటే, ఎంత వేడి దగ్గర మొదలుపెట్టి ఎంత చల్లన దగ్గర వదిలేస్తామన్న దాన్ని బట్టే గరిష్ఠ ఫలితం ఉంటుంది. పెద్ద గ్యాస్ టర్బైను లోపల వేడి సుమారు 1,300 డిగ్రీలు, అంటే 1,573 కెల్విన్. పొగను 600 డిగ్రీల దగ్గర, అంటే 873 కెల్విన్ దగ్గర వదిలేస్తే గరిష్ఠం నూటికి 44 పాళ్లే. అదే పనిని కండెన్సరులో 45 డిగ్రీల దాకా, అంటే 318 కెల్విన్ దాకా సాగదీస్తే ఆ హద్దు 80కి దగ్గరవుతుంది. నిజం యంత్రం హద్దు దాకా ఎప్పుడూ పోదు. కానీ హద్దు పెరిగినప్పుడు లోపలి ఫలితం కూడా పెరుగుతుంది. పుస్తకంలో ఈ సూత్రం రెండు మార్కుల ప్రశ్నగా మాత్రమే కనబడటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇంకో చిన్న సంగతి. గ్యాస్ టర్బైను తాను చేసే పనిలో సగానికి పైగా తన కంప్రెసరుకే ఖర్చు పెట్టుకుంటుంది, గాలిని పీల్చి నొక్కడానికి. కాబట్టి గాలి ఎంత చిక్కగా ఉంటే దానికి అంత బలం. ఈ యంత్రాల మీద రాసే సామర్థ్యం 15 డిగ్రీల గాలికి, సముద్రమట్టానికి లెక్కగట్టినది. రోహిణీ కార్తెలో గోదావరి ఒడ్డున 42 డిగ్రీలుంటే గాలి పలచబడుతుంది, ఉత్పత్తి పడిపోతుంది. సరిగ్గా ఫ్యాన్లూ ఏసీలూ అన్నీ తిరిగే రోజుల్లోనే! బెంగళూరులో ఎండ తక్కువ గానీ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం పదో వంతు తక్కువ, ఆ మేరకు టర్బైను కూడా తగ్గుతుంది.

ఇప్పుడు ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న. ఒక ఘనపు మీటరు సహజవాయువు మండితే వచ్చే వేడి సుమారు 8,600 కిలో కెలోరీలు అనుకోండి, అంటే 10 యూనిట్లతో సమానం. సగం కరెంటుగా మారితే 5 యూనిట్లు. పది లక్షల ఘనపు మీటర్లకు 50 లక్షల యూనిట్లు. దాన్ని 24 గంటలతో భాగిస్తే గంటకు 2 లక్షల 8 వేల యూనిట్లు, అంటే 208 మెగావాట్లు. రోజుకు పది లక్షల ఘనపు మీటర్లకు సుమారు రెండు వందల మెగావాట్లు, ఇది నోటికి వచ్చేలా పెట్టుకోండి. పత్రికల్లో మిలియన్ ఘనపు మీటర్లు అని రాసినప్పుడల్లా మనసులో రెండు వందలతో గుణించవచ్చు. వంద మెగావాట్లకు రోజుకు ఐదు లక్షలు. విజ్జేశ్వరం 272 మెగావాట్లు పూర్తిగా నడవాలంటే రోజుకు దాదాపు 13 లక్షల ఘనపు మీటర్లు.

అది ఎంత అన్నది తెలియాలంటే, మా ఇంటి సంగతి చెబుతాను. పదవీ విరమణ తర్వాత నేను ఉంటున్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వంటకు పైపు గ్యాస్ వచ్చింది. మా ఇంటి మీటరు రోజుకు సగటున అర ఘనపు మీటరు తిరుగుతుంది. ఆ లెక్కన విజ్జేశ్వరం ప్లాంటు ఒక్కటే పూర్తిగా నడిస్తే రోజూ 26 లక్షల ఇళ్ల వంట గ్యాస్‌ను వాడుతుందన్నమాట. గ్యాస్ కొరత వచ్చిన రోజున దేశం ఏ వైపు చూడాలన్నది ఎంత కష్టమైన తీర్పో తల్లిదండ్రులు ఈ అంకె నుంచే గ్రహించవచ్చు.

ఇక ఫ్యాక్టరీకి ఆ కరెంటు ఎలా చేరుతుంది? విజ్జేశ్వరం నుంచి ప్రతి వాటాదారు ఫ్యాక్టరీకీ విడిగా తీగ లాగలేదు. కాలువ ఉదాహరణ చెబుతాను. ఎగువన ఒక రైతు తన బోరు నీరు వంద బిందెలు కాలువలో పోశాడు. దిగువన అతని తమ్ముడు తొంభై ఆరు బిందెలు తోడుకున్నాడు. అవే నీళ్లా అని ఎవరూ అడగరు. నాలుగు బిందెలు ఇంకిపోయినట్టు, కాలువ యజమానికి రుసుము ఇచ్చినట్టు లెక్క రాస్తారు. విద్యుత్ లైన్లలో ఇదే పనిని వీలింగ్ అంటారు.

కామర్స్, న్యాయశాస్త్రం పిల్లలకు చెబుతానన్నది ఇదే. వాటాదారు తన సొంత వాటా కరెంటు తాను వాడుకుంటే అది అమ్మకమా? అమ్మకమైతే లైసెన్సు కావాలి. ఈ తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2004లో కోర్టు చెప్పిన సారాంశం: వాటా పెట్టిన పరిశ్రమ తన వంతు వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, కానీ వాటా లేని అనుబంధ కంపెనీకి ఇస్తే మాత్రం కావాలి. ఆ తర్వాత 2005 విద్యుత్ నియమాలు సొంత అవసరాల ప్లాంటు అంటే ఏమిటో అంకెలతో తేల్చాయి. వాడుకునేవారికి కనీసం 26 శాతం యాజమాన్యం ఉండాలి, ఏడాది ఉత్పత్తిలో కనీసం 51 శాతం వారే వాడాలి. ఈ రెండు అంకెల మీద లాయర్లు ఈనాటికీ వాదిస్తూనే ఉన్నారు. ఉద్యోగాలు ఇంజనీర్లకే ఉంటాయని ఎవరూ అనుకోనక్కర్లేదు.

విజ్జేశ్వరం తర్వాత గోదావరి, కృష్ణా జిల్లాల్లో గ్యాస్ ప్లాంట్లు వరుసగా లేచాయి. జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి, సామర్లకోట, వేమగిరి. సముద్రంలోని డి6 క్షేత్రం నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలయ్యాక ఉత్సాహం ఇంకా పెరిగింది. 2010లో రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటింది. ఆ తర్వాత తగ్గడం మొదలై, 2013కల్లా 15 మిలియన్ల కిందికి వచ్చేసింది. మన రెండు వందల సూత్రం వేయండి. పది మిలియన్లు తగ్గితే రెండు వేల మెగావాట్లు పోయినట్టు. పంపకంలో తొలి ప్రాధాన్యం ఎరువుల ఫ్యాక్టరీలది. దాంతో 2013 మార్చి నుంచి విద్యుత్ ప్లాంట్లకు డి6 గ్యాస్ పూర్తిగా నిలిచిపోయింది. కొండపల్లిలో మూడో దశ యంత్రాలు సిద్ధమై కూడా గ్యాస్ లేక నిలబడిపోయాయి. 2015 నాటికి దేశంలో చుక్క స్వదేశీ గ్యాస్ అందని ప్లాంట్ల సామర్థ్యం 14,305 మెగావాట్లని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పి, దిగుమతి గ్యాస్‌తో కొంతకాలం నడపడానికి ఒక పథకం పెట్టాల్సి వచ్చింది.

ఆ తండ్రిగారికి నేను చెప్పిన జవాబు ఇదే. గ్యాస్ ఉన్నమాటా నిజమే, ప్లాంట్లు ఉన్నమాటా నిజమే. కానీ కట్టిన ప్లాంట్లకు సరిపడా గ్యాస్ లేదు. బావి ఎన్నాళ్లు ఊరుతుందో తేలకముందే దాని కింద ఎకరాలకు ఎకరాలు నారు పోశారు. ఆయన కూలి నష్టం సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. అది లెక్కలో రాని ఖాతా.

దిగుమతి చేసుకోవచ్చు కదా అంటారు. ధర చూడండి. గ్యాస్‌ను మిలియన్ బ్రిటిష్ థర్మల్ యూనిట్లలో అమ్ముతారు. అలాంటి ఒక్కోదానిలో 293 యూనిట్ల వేడి, సగం పోగా 146 యూనిట్ల కరెంటు. 2010లో డి6 గ్యాస్ ధర 4.20 డాలర్లు, డాలరు సుమారు 45 రూపాయలు. 189ని 146తో భాగిస్తే యూనిట్‌కు ఇంధన ఖర్చు రూపాయి ముప్పై పైసలు, రవాణా, పన్నులు కాకుండా. 2023 ఏప్రిల్ నుంచి ఓఎన్‌జీసీ పాత క్షేత్రాల గ్యాస్‌కు 6.50 డాలర్ల గరిష్ఠ ధర పెట్టారు, డాలరు 82 రూపాయలు, యూనిట్‌కు మూడు రూపాయల అరవై ఐదు పైసలు. మధ్యలో 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఓడల్లో వచ్చే గ్యాస్ 30 డాలర్లు కూడా దాటింది. డాలరు 80 అనుకుంటే యూనిట్‌కు 16 రూపాయల పైమాట. తొమ్మిది వేల యూనిట్లతో గుణిస్తే టన్ను ఫెర్రో సిలికాన్‌కు కరెంటు ఖర్చే లక్షా నలభై వేలు దాటుతుంది. ఏ ఫర్నేసూ ఆ ధరకు వెలగదు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన మరో విషయం పైపులైను. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపు పేలి, ఇళ్లు, కొబ్బరిచెట్లు కాలిపోయి, 20 మందికి పైగా చనిపోయారు. ఆ లైను తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ మోసేది. గ్యాస్‌తో పాటు నీరూ ఇతర ద్రవాలూ కలిసి ప్రవహించడం, పైపు లోపల తుప్పు పట్టడం కారణాలుగా తేలాయి. ఫ్యాక్టరీలో వెలిగే దీపానికీ ఈ ఊరి మట్టికీ మధ్య ఉన్నది ఆ ఇనుప గొట్టమే. మెటలర్జీ, కెమిస్ట్రీ చదివే పిల్లలూ, తుప్పు అన్నది మీ పుస్తకంలో చిన్న అధ్యాయమే కావచ్చు, దాన్ని దాటవేయకండి. సహజవాయువుకు తనంతట వాసన ఉండదు. ఇళ్లకిచ్చే గ్యాస్‌లో గంధకం ఉన్న రసాయనం కలిపి వాసన పుట్టిస్తారు. ఇంట్లో ఆ వాసన వస్తే స్విచ్ వేయకుండా, తీయకుండా తలుపులు తెరిచి వాల్వు కట్టేయాలని పిల్లలకు నేర్పండి.

బెంగళూరు సంగతి వేరు. ఇక్కడ నేల కింద గ్యాస్ లేదు. మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి ద్రవంగా చేస్తే గ్యాస్ ఆరు వందల రెట్లు కుంచించుకుపోతుంది. అలా ఓడలో మహారాష్ట్ర తీరంలోని దాభోల్‌కు తెస్తారు. అక్కడి నుంచి 2013లో పూర్తయిన పైపులైను సుమారు వెయ్యి కిలోమీటర్లు నడిచి బెంగళూరు చేరింది. మా ఇంటి పొయ్యి, యలహంక టర్బైను ఒకే పైపు పిల్లలు. ఒకప్పటి డీజిల్ విద్యుత్ కేంద్రం ఉన్నచోటే కట్టిన యలహంక కేంద్రానికి 2015లో పని అప్పగిస్తే, ప్రారంభోత్సవం 2024లో జరిగింది. దాని కరెంటు ఫలానా ఫ్యాక్టరీకని కాకుండా గ్రిడ్‌లోకి పోతుంది. ఇలాంటి కేంద్రానికి ఇప్పుడున్న విలువ వేరే చోట ఉందని నా అభిప్రాయం. సాయంత్రం సూర్యుడు దిగి సౌర విద్యుత్ పడిపోయే వేళ, గ్యాస్ టర్బైను నిమిషాల్లో అందుకోగలదు. స్టీమ్ టర్బైను వేడెక్కడానికి గంటలు పడుతుంది. రోజంతా నడపలేకపోయినా ఆ రెండు మూడు గంటలకు దానికి పని ఉంది.

గ్యాస్ అంటే నేల కింది గ్యాసే కాదని కూడా చెప్పాలి. విశాఖ ఉక్కు కర్మాగారం లాంటి చోట బ్లాస్ట్ ఫర్నేసు నుంచే గ్యాస్ వస్తుంది. దాని వేడి సహజవాయువులో పదో వంతు కూడా ఉండదు, పైగా కార్బన్ మోనాక్సైడ్ ఉన్న విషవాయువు. అయినా ఉక్కు కర్మాగారాలు దాన్ని గాలిలో వదలకుండా బాయిలర్లలో మండించి కరెంటు చేసుకుంటాయి.

ఇక అభ్యాసం. ఒక కాస్టిక్ సోడా ఫ్యాక్టరీ రోజుకు 200 టన్నులు చేస్తుంది, టన్నుకు 2,400 యూనిట్లు. దానికి ఎన్ని మెగావాట్లు కావాలి? 272 మెగావాట్ల ఉమ్మడి ప్లాంటులో అది ఎంత శాతం వాటా కొనాలి? వీలింగ్‌లో నూటికి నాలుగు పాళ్లు ఇంకిపోతే ఆ వాటా ఎంతకు పెరుగుతుంది? ఒక ఏడాది గ్యాస్ 40 శాతమే వచ్చింది. ఫ్యాక్టరీ ఉత్పత్తి తగ్గించుకోవాలా, మిగతా కరెంటు బయట కొనాలా? అదే ప్రశ్న ఫెర్రో సిలికాన్ ఫర్నేసు యజమానికి వస్తే మీ జవాబు మారుతుందా, ఎందుకు? ఇంటర్ పిల్లలు మొదటి మూడు ప్రశ్నలు చేస్తే చాలు. డిగ్రీ, ఇంజనీరింగ్ వారు అన్నీ చేయాలి, ఏ అంకె ఎందుకు తీసుకున్నారో పక్కనే రాయాలి. తెల్లకాగితం మీద చేత్తో రాసి, మీ ఉపకార వేతన నమోదు సంఖ్య వేసి ట్రస్టు కార్యాలయానికి పంపండి. తప్పొప్పులు నేనే దిద్ది తిరిగి పంపుతాను.